ఎముక తగలని సూది

మా మొదటి రోగులకు కళ్ళు లేవు, ముక్కు లేదు. బల్లల అంచున ఇనుప కడ్డీలకు బిగించిన తలకాయలు అవి. రబ్బరు చెంపలు, మర తిప్పితే తెరుచుకునే దవడ, దాంట్లో వరసగా పాతిన పళ్ళు. ఫీజీ దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన తొలి ఏళ్ళలో నేను రాజధాని సువాలో పళ్ళ డాక్టరు చదువుకు చేరాను. బతికున్న మనిషి నోట్లో వేలు పెట్టే ముందు నెలల తరబడి ఆ తలకాయల మీదే చెయ్యి తిప్పాలి. ఆ గదిలో ఎప్పుడూ లవంగ నూనె వాసన, బయట ఎప్పుడూ వాన.

తలకాయలు తక్కువ, చదివేవాళ్ళం ఎక్కువ. అందుకని ఒక్కో తలకాయకు ఇద్దరిని జోడీ కట్టారు. నాకు జోడీగా వచ్చినవాడు ఒక కైవీతీ కుర్రాడు. ఆ దీవుల అసలు మనుషుల్ని మేం కైవీతీలంటాం. పడవ దొరికితేనే ఇంటికి వెళ్ళగలిగేంత దూరపు దీవి అతనిది. మనిషి తలుపంత ఉండేవాడు. శనివారాలు రగ్బీ ఆడి సోమవారం కుంటుతూ వచ్చేవాడు. ఆ చేతుల్ని చూసి మొదటిరోజు మా సారు పెదవి విరిచాడు. సారు న్యూజిలాండ్ నుంచి వచ్చిన పెద్దమనిషి, మాట తక్కువ. కానీ కొద్ది వారాల్లోనే తరగతిలో అందరికన్నా చక్కని పని అతనిదేనని తేలిపోయింది. అతను పూడ్చిన పన్నును సారు పళ్ళెంలో పెట్టి అందరికీ తిప్పి చూపించేవాడు. నేను చెరిపి మళ్ళీ చేసే పనిని అతను చర్చి పాటేదో కూనిరాగం తీస్తూ ఒక్కసారికే పూర్తి చేసేవాడు. నేను అసూయపడేదాన్ని. అతని పక్కన కూచోవడం వల్లే నా పనీ బాగుపడిందని కూడా నాకు తెలుసు.

మాది ద్రాసా. లౌటోకా మిల్లుకు చెరకు వేసే పల్లె. మా ముందు తరాలు గిర్మిట్ అనే ఒప్పందం మీద కూలీలుగా ఇండియా నుంచి ఓడల్లో వచ్చినవాళ్ళు. ఇంట్లో మాట్లాడుకునేది ఫీజీ హిందీ. తెలుగు నాన్న తల్లి, మా అవ్వ దగ్గర మాత్రమే మిగిలింది. ఆమె పక్కన పడుకుని మాటలు నేర్చుకున్నాను, ఆదివారాలు సంఘం బడిలో అక్షరాలు నేర్చుకున్నాను. నాన్న మామూలుగా తెలుగు మాట్లాడేవాడు కాదు. కోపం వచ్చినా భయం వేసినా మాత్రం ఆయన నోట్లోంచి తెలుగే వచ్చేది.

నేను సువాకు రావడానికి ముందు ఏడాది అవ్వకు ముఖం పడిపోయింది. పొద్దున్నే వంటింటి గడప మీద కూచుని టీ తాగుతుంటే కప్పు జారి ఒళ్ళో పడింది. ఎత్తి చూస్తే నోరు ఒక పక్కకు లాగేసి ఉంది, ఒక కన్ను మూతపడటం లేదు. ఆ పక్క చెయ్యీ కాలూ కూడా లేవలేదు. అందరూ లక్వా అన్నారు, పక్షవాతం. నాన్న ఆమెను చెరకు లారీలో ముందు సీట్లో కూచోబెట్టుకుని లౌటోకా ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. చెయ్యీ కాలూ కొంత తిరిగొచ్చాయి. నోరు రాలేదు. అప్పటినుంచి ఆమెకు అన్నం తినిపించేది నాన్నే. పక్కనుంచి జారే మెతుకుల్ని వేలితో లోపలికి తోస్తూ, ఎవరితోనూ మాట్లాడకుండా తినిపించేవాడు.

నా చదువు నాన్నకు ఇష్టం లేదు. దగ్గర్లో బడిపంతులు పని చూసుకొమ్మన్నాడు. అమ్మ పట్టుబట్టి ఒప్పించింది. చివరికి ఒక్క షరతు పెట్టాడు. ఏ చిన్న తేడా వచ్చినా ఆ రోజే ఇంటికి రావాలి. సరేనన్నాను. పళ్ళ చదువులో ఏం తేడా వస్తుందిలే అనుకున్నాను.

కింది దవడను మొద్దుబార్చే సూది మా చదువులో మొదటి గండం. చివరి దంతాల వెనక బొటనవేలు పెట్టి దవడ ఎముక అంచు తడిమి పట్టుకోవాలి. అవతలి పక్కనుంచి సిరంజీ తెచ్చి, ఆ వేలి పక్కనున్న మెత్తని కండలోకి సూది దించాలి. కొంత లోపలికి వెళ్ళాక మొన ఎముకకు తగులుతుంది. అప్పుడు రవ్వంత వెనక్కి తీసి, రక్తనాళంలో లేదని సిరంజీ పిడి లాగి చూసుకుని, మెల్లగా మందు వదలాలి. ఎముక తగలకుండా మందు వదలకూడదని సారు రోజూ చెప్పేవాడు. మేం ముందు కమలాపళ్ళకు పొడిచాం, తర్వాత తలకాయలకు. తలకాయలో దవడ ఇనుము. ఎవరు పొడిచినా, ఎటు నుంచి పొడిచినా, ఒకే లోతులో టక్కుమని తగిలేది. నా జోడీ కళ్ళు మూసుకుని కూడా తగిలించేవాడు.

ఆ తర్వాత ఒకరి నోట్లో ఒకరం వేసుకోవాలి. అప్పట్లో అన్నిచోట్లా అదే పద్ధతి. మీరు పడని నొప్పిని రోగికి పెట్టే హక్కు మీకు లేదని సారు అనేవాడు. ఇష్టమేనా అని ఎవర్నీ అడగలేదు. తలకాయ దగ్గర ఎవరు జోడీయో కుర్చీ దగ్గరా వాళ్ళే జోడీ.

ముందు సూది వేసే వంతు నాది. అంత మనిషి కుర్చీలో కూచోగానే చెమటలు కక్కాడు. సూదంటే చిన్నప్పటినుంచీ భయమని అప్పుడు చెప్పాడు. అతని దవడ పెద్దది, ఎముక వెంటనే వేలికి దొరికింది. సూది సాఫీగా వెళ్ళి తగిలింది. కాసేపటికి కింది పెదవి మొద్దుబారి, నీళ్ళు తాగబోయి చొక్కా తడుపుకుని, తనే నవ్వాడు. సారు తల ఊపి ముందుకు వెళ్ళాడు.

తర్వాత నేను కూచున్నాను. తల వెనక్కి వాల్చి నోరు తెరిచాను. అతని బొటనవేలు నా నోట్లో సగం నింపేసింది. సూది దిగినప్పుడు చీమ కుట్టినట్టే ఉంది, అంతే. కానీ అది ఆగలేదు, లోపలికి వెళ్తూనే ఉంది. కూనిరాగం ఆగిపోయింది. అతని కళ్ళు నాకు బాగా దగ్గరలో ఉన్నాయి. వాటిలో వెతుకులాట కనిపించింది. తలకాయలో తగిలే లోతు దాటినా అతనికి ఏదీ తగల్లేదు. నాకు చెప్పాలని ఉంది, ఆగమనాలని ఉంది. నోరు తెరిచి ఉన్న మనిషికి మాట ఉండదు. అతను ఒక్కసారి తలెత్తి చూశాడు. సారు గది అవతలి కొసన మరో జోడీ మీద వంగి ఉన్నాడు. పక్క కుర్చీ వాళ్ళు మావైపే చూస్తున్నారు. అతను మళ్ళీ నా నోట్లోకి చూసి మందు వదిలేశాడు.

పెదవి మొద్దుబారుతుందని ఎదురుచూశాను. పెదవికి స్పర్శ పోలేదు. చెవి ముందు ఏదో బరువుగా, వెచ్చగా అనిపించింది. ఎలా ఉందని అతను అడిగితే, బాగానే ఉందని నవ్వబోయాను. నా నవ్వు చూసి అతని ముఖం పాలిపోయింది.

గోడకు ఉన్న అద్దం దగ్గరికి వెళ్ళాను. ముఖంలో ఒక సగం నాది. రెండో సగం అవ్వది. నోరు పక్కకు జారి ఉంది. నుదురు ఆ వైపు చదునుగా, ఇస్త్రీ చేసినట్టు ఉంది. రెండు కళ్ళూ మూయబోతే ఒకటే మూసుకుంది, రెండోది నన్నే చూస్తూ ఉండిపోయింది. నా వెనక, గదిలో ఉన్న అందరి చేతుల్లో పనీ ఆగిపోయింది. నాకు ఏడుపు కూడా ఒక కంట్లోంచే కారింది.

సారు వచ్చి వేళ్ళతో నుదురు, చెంప తాకి చూశాడు. కంగారు పడలేదు. సూది ఎముకను దాటి మరీ వెనక్కి పోయిందని, అక్కడున్న లాలాజల గ్రంథిలో మందు పడిందని, ముఖాన్ని కదిపే నరం దానిగుండానే పోతుంది కనుక అది నిద్రపోయిందని చెప్పాడు. మందు బలం తగ్గితే నరం లేస్తుందని, సాయంత్రానికి అంతా వచ్చేస్తుందని అన్నాడు. ఆరిపోకుండా కంటి మీద తడి దూది పెట్టి టేపు అంటించాడు. అప్పుడు నా జోడీ వైపు తిరిగి, ఎముక తగిలిందా అని అడిగాడు.

"తగిలిందనుకున్నాను సార్," అన్నాడు అతను.

అది అబద్ధమని నాకు తెలుసు. సారుకూ తెలిసే ఉంటుంది.  సారు చెప్పిందంతా నేను పుస్తకంలో చదివిందే. అయినా నమ్మకం కుదరలేదు. ఆసుపత్రిలో అవ్వ గురించి కూడా మెల్లగా వస్తుందనే చెప్పారు.

ఆ రోజే నాన్న సువాలో ఉన్నాడు. మా చెరకు భూమి లీజు సంగతి మీద ఏదో ఆఫీసుకు వచ్చాడు. పని అయ్యాక నన్ను చూసి, ఆ రాత్రికి సువా చివర్లో ఉండే చిన్నాన్న ఇంట్లో ఉండి, మర్నాడు బస్సుకు వెళ్ళాలని అనుకున్నాం. ఆ సాయంత్రం నేను దాక్కుని ఉండొచ్చు, ఒంట్లో బాగాలేదని కబురు పంపొచ్చు. అవన్నీ ఆలోచిస్తూనే మెట్లు దిగాను. నాన్న వరండాలో గొడుగు దులుపుతున్నాడు. తలెత్తి నన్ను చూశాడు.

"కా భయిస్?" ఏమైందని హిందీలో మొదలుపెట్టాడు. వెంటనే గొంతు మారింది. "మూతి ఏమాయె? లక్వానా? మా అమ్మకు వచ్చిందే నీకు వచ్చెనా?"

భయం లేదు, మందు వల్లే అని చెప్పబోయాను. పెదవులు కలవకపోతే భ పలకదు, మ పలకదు. నాన్నా అన్న మాటొక్కటే సరిగ్గా వచ్చింది. అది విని ఆయన చేతిలోని గొడుగు కిందపడింది.

సారు బయటికి వచ్చి ఇంగ్లీషులో అంతా చెప్పాడు. నేను ఆ సగం నోటితోనే దాన్ని హిందీలోకి మార్చాను. నాన్న విన్నాడు కానీ సారును చూడలేదు. మెట్ల మీద నిలబడ్డ నా జోడీని చూశాడు, అతని చేతుల్ని చూశాడు. ఎవరు పొడిచారో నేను చెప్పాల్సిన పని లేకపోయింది. అతను ఏదో అనబోతే నాన్న నా భుజం పట్టుకుని వానలోకి నడిపించాడు. దారిలో అన్నది ఒక్కటే మాట. రేపు పొద్దున ఇద్దరం బస్సు ఎక్కుతున్నాం.

చిన్నాన్న ఇంట్లో పిన్ని టీ ఇచ్చింది. తాగుతుంటే పక్కనుంచి కారి గడ్డం మీదికి వచ్చింది. పిన్ని గుడ్డ తేవడానికి లేచింది. నాన్న కిటికీ వైపు తిరిగి కూచున్నాడు. గంట గడిచినా ఏ మార్పూ లేదు. టేపు కింద కన్ను తెరిచే ఉందని నాకు తెలుస్తూనే ఉంది. చీటికిమాటికి వేలితో పెదవి మూల పైకి నెట్టి వదిలేదాన్ని. అది మళ్ళీ జారేది.

చీకటి పడబోతుండగా వాకిట్లో ఇద్దరు మనుషులు వచ్చి నిలబడ్డారు. ఒకరు నా జోడీ. రెండో ఆయన అతని మేనమామ. కొంతకాలం బా అనే ఊరి వైపు చెరకు నరికి ఇప్పుడు సువా రేవులో పనిచేస్తున్నాడట. ఇద్దరూ తెల్లచొక్కాలు వేసుకుని, చర్చికి కట్టుకునే నల్ల సులు పంచెలు కట్టుకుని ఉన్నారు. మేనమామ చేతుల్లో వార్తాకాగితంలో చుట్టిన యంగోనా కట్ట, నీళ్ళలో పిసికి తాగే మొక్క వేళ్ళు. వాళ్ళు లోపలికి వచ్చి, కుర్చీలు చూపించినా కూచోకుండా, చాప మీద తలలు వంచుకుని కూచున్నారు.

ఎందుకు వచ్చారో మాకందరికీ అర్థమైంది. కైవీతీల్లో తప్పు చేసినవాడి తరఫున పెద్దవాళ్ళు ఎదుటివాళ్ళ ఇంటికి వచ్చి, యంగోనా కట్ట ముందుపెట్టి క్షమించమని అడుగుతారు. ఆ కట్టను అందుకుంటే తప్పు అక్కడితో పూడినట్టు. అందుకోకపోతే ఏమవుతుందో నేనెప్పుడూ చూడలేదు. నాన్నకు తెలుసు. మేం దున్నే నేల వాళ్ళదే. ఇలాంటి కట్టలు ఆయన ఇచ్చాడు, పుచ్చుకున్నాడు.

మేనమామ కట్టను చాప మీద నాన్న ముందుకు తోసి, మా హిందీలోనే మాట్లాడాడు. "భయ్యా, ఈ లడ్కా గల్తీ కరిస్. హమ్ లోగ్ మాఫీ మాంగే ఆయా."

కుర్రవాడు తప్పు చేశాడు, క్షమాపణ అడగడానికి వచ్చాం. అంతకన్నా సాగదీయలేదు. అన్నాక తల ఎత్తలేదు. నాన్న కట్టను చూస్తూ కూచున్నాడు. వాన రేకుల మీద పడుతోంది. పిన్ని వంటింటి గుమ్మంలోనే నిలబడిపోయింది. చిన్నాన్న గొంతు సవరించుకున్నా నాన్న కదల్లేదు. చివరికి, లోపల ఎముక తగలకపోతే మందు వదలకూడదని మీ సారు చెప్పలేదా అని అడిగాడు. ఆ సంగతి ఆ సాయంత్రం నేను చెప్పిందే.

 నా జోడీ ఇంగ్లీషులో మెల్లగా చెప్పాడు. తగల్లేదు. తగల్లేదని తనకు తెలుసు. తలకాయల మీద ఒక్కసారి కూడా తప్పని తను, అందరూ చూస్తుండగా సారును పిలిచి, నాకు దొరకలేదని చెప్పడానికి సిగ్గుపడ్డాడు. సారు అడిగినప్పుడు అబద్ధం చెప్పాడు. మేనమామ దాన్ని హిందీలోకి మారుస్తుంటే ఆయన గొంతు కూడా తగ్గిపోయింది.

నాన్న తెలుగులో మాట్లాడాడు. "మా అమ్మ మూతి ఇట్లనే పోయె. డాక్టరు వస్తది అనె. రాలేదు. నేను రోజూ ముద్ద పెడతా. ఇప్పుడు ఈ పిల్లకు కూడా పెట్టాలంటే నాకు బలం లేదు."

అది వాళ్ళకు అర్థం కాలేదు. నాన్న నావైపు చూశాడు, చెప్పమన్నట్టు. ఆ మాటలు నేనే, ఆ వంకర నోటితో, మేనమామకు హిందీలో, నా జోడీకి ఇంగ్లీషులో చెప్పాల్సి వచ్చింది. చెప్పేసరికి నా జోడీ భుజాలు కదిలిపోయాయి. అంత మనిషి ఏడుస్తుంటే ఎటు చూడాలో ఎవరికీ తెలియలేదు.

నాన్న చెయ్యి చాపి కట్టను ముట్టుకున్నాడు. దాన్ని తన వైపు లాక్కుని, వాళ్ళ పద్ధతిలోనే చేతులు దొప్పలా చేసి చప్పట్లు కొట్టాడు. మేనమామ పెద్దగా ఊపిరి వదిలాడు. కానీ నాన్న మాట పూర్తి కాలేదు. కట్ట తీసుకున్నాను, మీ మీద నాకు కోపం లేదు, పిల్ల మాత్రం రేపు నాతో ఇంటికి వస్తుందని చెప్పాడు. 

చిన్నాన్న గిన్నెలో యంగోనా పిసికాడు. కొబ్బరిచిప్ప చేతులు మారుతుండగా నేను వెనక గదిలోకి వెళ్ళాను. టేపు కింద రెప్ప కదిలినట్టు అనిపించింది. తీసి అద్దంలో చూశాను. రెప్ప పూర్తిగా పడలేదు కానీ కిందికి వస్తోంది. అక్కడే నిలబడి మూస్తూ తెరుస్తూ ఉన్నాను. ముందు రెప్ప వచ్చింది, తర్వాత నుదుటి మీద ముడత, చివరికి పెదవి మూల. ప, బ, మ అని పైకి పలికి చూసుకున్నాను. ముందు గదిలోకి వచ్చి నాన్న ఎదురుగా నిలబడి రెండు కళ్ళూ మూశాను. తెరిచేసరికి ఆయన చేతిలోని చిప్ప చాప మీద ఉంది, రెండు చేతుల్తో ముఖం తుడుచుకుంటున్నాడు.

దాంతో మనసు మార్చుకుంటాడనుకున్నాను. మార్చుకోలేదు. వచ్చింది కదా, ఇంకా మంచిది, ఇది పోకముందే ఇంటికి పోదాం అన్నాడు.

వెళ్ళేముందు వరండాలో నా జోడీ నాతో మాట్లాడాడు. తను చదువు మానేస్తున్నానన్నాడు. తర్వాతి పడవకు దీవికి వెళ్ళిపోతానని, సారుకు పొద్దున్నే చెప్తానని అన్నాడు. నాకు ఆ రోజంతా రాని కోపం అప్పుడు వచ్చింది. ఆ సూది సరిగ్గా వేసి చూపించనివాణ్ణి రోగుల్ని చూసే క్లినిక్కుకు పంపరు, మరి అతను ఇలా వెళ్ళిపోతే ఈ చదువు వద్దన్న నాన్న మాటే నిజమైపోతుంది.

"రేపు మళ్ళీ నాకే వెయ్యి," అన్నాను. "తగలకపోతే తగల్లేదని చెప్పు. నేను నోరు తెరుచుకుని ఉంటాను, నా తరఫున నువ్వే చెప్పాలి."

అతను మేనమామ వెనక వానలోకి వెళ్ళిపోయాడు.

పొద్దున నాన్న సంచీ సర్దుకుని సిద్ధంగా ఉన్నాడు. నేను ఉన్నదున్నట్టు చెప్పాను. ఇంకొక్కసారి ఆ కుర్చీలో కూచుంటాను, ఆ చేత్తోనే వేయించుకుంటాను, మళ్ళీ ముఖం పడితే నోరెత్తకుండా బస్సు ఎక్కుతాను. పిన్ని తల కొట్టుకుంది. నాన్న సంచీ కింద పెట్టాడు.

"నీ ఇష్టం అననీకి నాకు నోరు రాదు," అన్నాడు. "నేను కూడా వస్తా. చూస్తా."

సారు మొదట ఒప్పుకోలేదు. కొన్నాళ్ళు ఆగమన్నాడు. ఆగడానికి నా దగ్గర ఆ పొద్దుటి పూట మాత్రమే ఉందని చెప్పాను. ఆయన నా ముఖాన్ని మళ్ళీ పరీక్షించి, నిన్నటి పక్క ముట్టుకోవద్దు, రెండో పక్క వేయండి అన్నాడు. నా జోడీ వచ్చి ఉన్నాడు. తెల్లకోటు వేసుకునే ఉన్నాడు. చదువు మానేసే సంగతి సారుకు చెప్పాడో లేదో నాకు తెలియదు, ఇంతవరకూ అడగలేదు.

నాన్న గుమ్మం దగ్గర నిలబడ్డాడు. వరసగా కడ్డీల మీద నోళ్ళు తెరుచుకుని ఉన్న తలకాయల్ని చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు, మళ్ళీ ముందుకు వచ్చాడు. నేను కుర్చీలో వాలాను. నోరు తెరవడానికి ముందు నా దవడ బిగుసుకుపోయింది. తెరవాలని నేను అనుకుంటూనే ఉన్నాను, అది తెరుచుకోలేదు. నా జోడీ తొందరపెట్టలేదు. సిరంజీ కిందికి దించి, పక్కకు తిరిగి నిలబడ్డాడు. ఆ కాస్త వ్యవధిలో నాన్న దగ్గు వినిపించింది. నోరు తెరిచాను.

సూది దిగింది. లోపలికి వెళ్తోంది. నిన్నటి లోతు దాటినట్టే అనిపించింది. కుర్చీ చేతుల్ని పట్టుకున్న నా వేళ్ళు నొప్పెట్టాయి. అతని కళ్ళు మళ్ళీ నా కళ్ళ దగ్గరే. సూది ఆగింది.

"సార్, నాకు ఎముక తగల్లేదు," అన్నాడు.

గదిలో అందరికీ వినపడేలా అన్నాడు. సారు వచ్చి రెండు చేతులూ వెనక కట్టుకుని నిలబడ్డాడు. సిరంజీ ముట్టుకోలేదు. అయితే ఏం చేస్తావు అని అడిగాడు. కొంత వెనక్కి తీసి, సిరంజీని అవతలి దంతాల మీద ఇంకాస్త వెనక్కి జరిపి, మొనను ముందు వైపు తిప్పి మళ్ళీ పోనిస్తానని నా జోడీ చెప్పాడు.  సారు సరేనన్నాడు. ఈ మనిషికి దవడ వెడల్పుగా విచ్చుకుని ఉంది, ఇనుప తలకాయ అందరికీ ఒకే దవడ చూపిస్తుంది, అది మా తప్పు కూడా అన్నాడు. నోట్లో సూది ఉండగా ఆ మాటలన్నీ విన్నాను.

సూది వెనక్కి వచ్చింది, పక్కకు తిరిగింది, మళ్ళీ వెళ్ళింది. గోడకు గోరు తగిలినట్టు లోపల ఏదో తగిలింది. అది నాకూ తెలిసింది, అతనికీ తెలిసింది. అతను లాగి చూసుకుని, మెల్లగా మందు వదిలాడు.  అందరూ నా ముఖమే చూస్తున్నారు. నేను రెండు కళ్ళూ గట్టిగా మూసుకుని ఉన్నాను. తెరిస్తే మళ్ళీ మూతపడవేమోనని భయం. కాసేపటికి కింది పెదవిలో సగం వాచినట్టు, నాది కానట్టు అయింది. అప్పుడు తెరిచాను.

నాన్న గుమ్మం దగ్గర్నుంచి లోపలికి వచ్చాడు. నవ్వమన్నాడు. నవ్వాను. దగ్గరగా వంగి రెండు పక్కలా చూశాడు. కళ్ళు మూయమన్నాడు. మూశాను. తర్వాత గొడుగు, సంచీ తీసుకుని, బస్సుకు టైమైందని చెప్పి బయల్దేరాడు. నన్ను రమ్మనలేదు, ఉండమని కూడా అనలేదు. మెట్ల దగ్గర నా జోడీ దారి ఇవ్వడానికి పక్కకు జరిగితే, అతని మోచేతి మీద రెండుసార్లు తట్టి వెళ్ళిపోయాడు.

చదువు ముగిశాక నా జోడీ తూర్పు దీవుల్లో పడవ మీద తిరుగుతూ పళ్ళు చూసే ఉద్యోగంలో చేరాడు. నేను లౌటోకాలో ఏళ్ళ తరబడి పనిచేసి, తర్వాత సువాలో చదువు చెప్పడానికి వచ్చాను. తలకాయలు మారాయి. మెత్తని చిగుళ్ళు వచ్చాయి, ఒక్కో తలకు ఒక్కో రకం దవడ బిగించే వీలు వచ్చింది, సూది సరైన చోట పడితే దీపం వెలిగే రకాలు కూడా వచ్చాయి. అయినా పిల్లలు ఒకరి నోట్లో ఒకరు సూది వేసుకునే పద్ధతి మాత్రం చాలాకాలం ఉంది. దాన్ని ఆపాలా వద్దా అని మా దగ్గర మాట వచ్చినప్పుడు నేను ఆపాలన్నాను.

ఆ సంగతి తెలిసి నా జోడీ ఫోను చేశాడు. అతనికి కోపం వచ్చింది. మేం ఫోనులో అలా మాట్లాడుకోవడం అదే మొదటిసారి. ఇనుప తలకాయ తనకు పొగరు నేర్పిందని, నా దవడే తనకు పని నేర్పిందని, నేను ఆ రెండోరోజు కూచోకపోతే తను ఈపాటికి ఎక్కడో కొబ్బరి ఎండబెడుతూ ఉండేవాడినని అన్నాడు. అదంతా నిజమేనని ఒప్పుకున్నాను.

"రెండోరోజు నేనే కూచున్నాను," అన్నాను. "మొదటిరోజు నన్ను కూచోబెట్టారు."

 అతను వాతావరణం గురించి మాట్లాడి పెట్టేశాడు. ఇప్పుడు ఎప్పుడైనా సువా వస్తే మా ఇంట్లో భోంచేస్తాడు, మనవళ్ళ కబుర్లు చెప్తాడు. ఆ ఒక్క విషయం మీద మాత్రం మాకు కుదరలేదు.

పద్ధతి ఆగిపోయింది. ఆ తర్వాతి జట్టు పిల్లలు బతికున్న దవడలో సూది పెట్టకుండానే క్లినిక్కులోకి వచ్చారు. మొదటి రోజు ఒకమ్మాయి వెనక నేను నిలబడ్డాను. కుర్చీలో సువా మార్కెట్లో దాలో దుంపలు అమ్మే ఒకావిడ, చెంప వాచిపోయి, చెంగుతో నోరు మూసుకుని కూచుంది. ఆమె చెంగు తీసి నోరు తెరిచింది. నా నిర్ణయం తప్పయితే దాన్ని భరించేది ఆవిడ ముఖమని అప్పుడు తట్టింది. ఆ అమ్మాయి బొటనవేలు లోపల పెట్టి ఎముక అంచు వెతకడం మొదలుపెట్టింది. వెతుకుతూనే ఉంది. నేను చేతులు వెనక కట్టుకున్నాను, లేకపోతే సిరంజీ లాక్కునేదాన్ని. ఆ అమ్మాయి తల తిప్పకుండానే, మేడమ్, దగ్గరికి వచ్చి చూస్తారా అని అడిగింది. వెళ్ళాను. ఇద్దరం కలిసి వెతికాం, దొరికింది, సూది సరిగ్గానే పడింది. మార్కెట్ ఆవిడ పన్ను తీయించుకుని, బుగ్గలో దూది కుక్కుకుని, దుకాణం ఎవరికో అప్పజెప్పి వచ్చానంటూ గబగబా మెట్లు దిగింది.